చర్మానికి పూసే మందులు – రకాలు, వాడే తీరు

పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. నర్సింగ్



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు కవిత రాద్దామా, జ్ఞాపకాలు రాద్దామా అని ఆలోచించాము. కవిత మాకు చేతకాదు. జ్ఞాపకాలు మాకంటే బాగా చెప్పేవాళ్ళు మీలోనే ఉన్నారు. మాకు తెలిసిన పని నర్సింగు. అందులో హాస్టల్ పిల్లలందరికీ అక్కరకొచ్చే పాఠం ఏదని చూస్తే చర్మానికి పూసే మందుల పాఠమే ముందు గుర్తొచ్చింది. మన ట్రంకు పెట్టెలు తెరిచి చూస్తే పుస్తకాల అడుగున సగం పిండిన ట్యూబు ఒకటైనా దొరుకుతుంది. ఎవరిచ్చారో, ఎప్పుడు కొన్నారో, దేనికి పూశారో పెట్టె యజమానికే గుర్తుండదు. ఆ ట్యూబు గురించే ఈ వ్యాసం.

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి మాట. ఆ ఏడు చలికాలంలో మా గదిలో గజ్జి వచ్చింది. పద్నాలుగు మంది ఒకే గదిలో, చాప పక్కన చాప వేసుకొని పడుకునేవాళ్ళం. ఒకరి దుప్పటి ఇంకొకరు కప్పుకోవడం, ఒకే తువ్వాలుతో నలుగురు ముఖం తుడుచుకోవడం మామూలే. ఆరో తరగతి చదివే ఒక పాపకు వేళ్ళ సందుల్లో, నడుము చుట్టూ పొక్కులు లేచాయి. అందరూ ఎగతాళి చేస్తారని ఎవరికీ చెప్పలేదు. గోకి గోకి పుండ్లు పడి చీము పట్టింది. తెలిసిన తర్వాత మేమందరం చేసిన గొప్ప పని ఏమిటంటే, ఆ పాప చాపను వరండాలోకి జరపడం. మూడు వారాలకు ఒకరోజు పొద్దున ఆ పాప ముఖం ఉబ్బింది, కళ్ళు సగం మూసుకుపోయాయి. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తోందని ఏడుస్తూ చెప్పింది. కడప పెద్దాసుపత్రికి తీసుకుపోతే మూత్రపిండాలకు వాపు వచ్చిందని చెప్పి రెండు వారాలు ఉంచుకున్నారు. వాళ్ళమ్మ వచ్చి మంచం పక్కన కూర్చొని, "ఎందుకు మ్మే దాచిపెట్టినావు?" అని ఒకే మాట పదిసార్లు అడిగింది. పాప కోలుకుంది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

గజ్జికీ మూత్రపిండానికీ ఏమిటి సంబంధమని అప్పుడు మాకు అర్థం కాలేదు. నర్సింగు రెండో సంవత్సరంలో అర్థమైంది. గోకిన పుండులోకి స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి చేరుతుంది. దానిపై పోరాడటానికి శరీరం తయారుచేసుకున్న పదార్థాలే కొన్ని వారాల తర్వాత మూత్రపిండాల వడపోత మీద పేరుకొని వాపు తెస్తాయి. పొక్కు దశలోనే సరైన మందు సరిగ్గా పూసి ఉంటే ఆ పాపకు ఆసుపత్రి మంచం తప్పేది. ఆ మాట తలచుకున్నప్పుడల్లా వరండా చాప కళ్ళముందు మెదులుతుంది.

చర్మం గోడ కాదు

చర్మం మీద పూసేది చర్మం మీదనే ఉండిపోతుందని చాలామంది నమ్మకం. మా జేజి కూడా "కడుపులోకి పోయే మందయితే భయపడాల, పైపూతకేముంది" అనేది. అది నిజం కాదు. చర్మం పైపొర చచ్చిన కణాలతో ఇటుకలు పేర్చినట్లు ఉంటుంది. ఆ ఇటుకల సందుల్లోని కొవ్వు గుండా మందు కొద్దికొద్దిగా లోపలికి దిగి రక్తంలో కలుస్తుంది. ఎంత దిగుతుందనేది ఒంటిమీద చోటును బట్టి మారుతుంది. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు హైడ్రోకార్టిసోన్‌ను ఒంటిమీద వేర్వేరు చోట్ల పూసి కొలిచారు. ముంజేతిలో దిగినదాన్ని ఒకటిగా లెక్కిస్తే నుదుటిలో 6 రెట్లు, దవడ దగ్గర 13 రెట్లు దిగింది. అరికాలిలో ఏడో వంతే. కాబట్టి కాలికి రాసిన మందును అదే చేత్తో ముఖానికి రాయడం చిన్న తప్పు కాదు. పగిలిన చర్మం, గోకిన చర్మం, మందు పూసి ప్లాస్టిక్‌తో చుట్టిన చర్మం ఇంకా ఎక్కువ పీల్చుకుంటాయి. పసిపిల్లల ఒంటి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, అందువల్ల వాళ్ళ విషయంలో మరింత జాగ్రత్త కావాలి.

నర్సులు గ్లవుజులు వేసుకొని మందు పూయడం రోగి పుండుకు అసహ్యపడి కాదు. గుండెనొప్పి రోగులకు పూసే నైట్రోగ్లిజరిన్ ఆయింట్‌మెంట్ ఉంది. దాన్ని వట్టి వేలితో పూస్తే పూసిన నర్సుకే రక్తపోటు పడిపోయి తలనొప్పి, కళ్ళు తిరగడం రావచ్చు. అందుకే దాన్ని గీతలున్న కాగితం మీద కొలిచి, ఆ కాగితంతోనే అంటిస్తారు.

ఆయింట్‌మెంటు వేరు, క్రీము వేరు

మందు ఒకటే అయినా అది కలిసివున్న ఆధారం వేరైతే పని మారిపోతుంది. ఆయింట్‌మెంటు వాజలీను లాగా జిడ్డుగా ఉంటుంది. నీటిని బయటికి పోనివ్వదు కాబట్టి ఎండి పగిలిన చర్మానికి, మడమల పగుళ్ళకు మంచిది. చెమట పట్టే చంకల్లో, గజ్జల్లో, రసి కారే పుండు మీద పనికిరాదు. క్రీము నూనె, నీళ్ళు కలిసినది, తెల్లగా ఉండి త్వరగా ఇంకుతుంది. లోషన్ ఇంకా పలచన, వెంట్రుకలున్న చోట, పెద్ద విస్తీర్ణంలో పూయడానికి వీలు. జెల్ తలకు, ముఖానికి జిడ్డు లేకుండా ఆరిపోతుంది. పాత చర్మవైద్యులు తడికి తడి, పొడికి జిడ్డు అని చెప్పేవారు. అంటే రసి కారుతుంటే తడిగుడ్డ కట్టు, లోషన్. ఎండి పొట్టు లేస్తుంటే ఆయింట్‌మెంటు. ఈ ఒక్కటి గుర్తుంచుకున్నా చాలా పొరపాట్లు తగ్గుతాయి.

పౌడర్ సంగతి కూడా చెప్పాలి. మన పిల్లలు ఎండాకాలం చెమటపొక్కులకు డబ్బా పౌడరంతా మెడచుట్టూ చల్లుకుంటారు. తడి చర్మం మీద పడిన పౌడర్ ముద్దలు కట్టి ఒరుసుకుంటుంది. ముందు చెమట తుడిచి, ఆరిన తర్వాతే పలచగా వేయాలి. లేత గులాబీ రంగులో ఉండే కాలమైన్ లోషన్ చెమటపొక్కులకు, పురుగు కాటు దురదకు చల్లగా ఉంటుంది. అందులో ఉండేది జింక్ ఆక్సైడు, రంగు కొద్దిగా కలిపిన ఐరన్ ఆక్సైడుది. సీసా అడుగున మందు పేరుకుంటుంది కాబట్టి బాగా ఊపకుండా పూస్తే పైనున్న నీళ్ళే పూసినట్లు.

గజ్జి మందు – గది మొత్తానికి ఒకేరోజు

గజ్జి అపరిశుభ్రత వల్ల వచ్చే శాపం కాదు. కంటికి సరిగా కనిపించనంత చిన్న పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెట్టడం వల్ల వస్తుంది. ఆ పురుగే కారణమని 1687లోనే ఇటలీలో బొనోమో, చెస్తోని అనే ఇద్దరు సూక్ష్మదర్శినిలో చూసి చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. మొదటిసారి సోకినవాళ్ళకు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంటే ఈరోజు మీకు దురద లేదంటే మీకు గజ్జి లేదని కాదు, మీ నుంచి పక్కచాపకు పోవడం లేదనీ కాదు. ఆ పాపను వరండాలోకి నెట్టిన రోజుకు మాలో ఎంతమందికి అప్పటికే సోకి ఉందో!

ఇప్పుడు ఎక్కువగా వాడేది 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. దీన్ని పొక్కులున్న చోట మాత్రమే పూసుకుంటారు, అదే పెద్ద తప్పు. రాత్రి స్నానం చేసి, ఒళ్ళు పూర్తిగా ఆరి చల్లబడిన తర్వాత మెడ నుంచి అరికాళ్ళ దాకా పూయాలి. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, చంకలు, బొడ్డు, నడుము, పిరుదులు, మర్మస్థానం దగ్గర, ఏదీ వదలకూడదు. గోళ్ళు ముందే కత్తిరించుకోవాలి. పెద్దవాళ్ళకు ఒక్కసారికి సుమారు 30 గ్రాములు పడుతుంది. ఒక ట్యూబును ఐదుగురు పంచుకుంటే ఐదుగురికీ తగ్గదు. 8 నుంచి 14 గంటలు ఉంచి పొద్దున స్నానం చేయాలి. మధ్యలో చేతులు కడుక్కుంటే చేతులకు మళ్ళీ పూయాలి. వారం తర్వాత ఇంకోసారి ఇలాగే. చీము పట్టిన పుండ్లుంటే ముందు డాక్టరుకు చూపించాలి.

ఇంతా చేసి గదిలో ఒకరు మానేస్తే మొదటికొస్తుంది. దురద ఉన్నా లేకున్నా గదిలో అందరూ, వీలైతే హాస్టలంతా, ఒకే రాత్రి పూసుకోవాలి. ఫిజీ దీవుల్లో ఊళ్ళకు ఊళ్ళకే ఒకేసారి మందిచ్చి చూసిన అధ్యయనం 2015లో అచ్చయింది. అందరికీ ఐవర్‌మెక్టిన్ మాత్రలు ఇచ్చిన చోట ఏడాది తర్వాత గజ్జి 94 శాతం తగ్గింది. అందరికీ పెర్మెత్రిన్ ఇచ్చిన చోట 62 శాతం. ఉన్నవాళ్ళకు, వాళ్ళ ఇంటివాళ్ళకు మాత్రమే పూసిన చోట 49 శాతమే. ఐవర్‌మెక్టిన్ డాక్టరు బరువు చూసి ఇచ్చే మాత్ర, సొంతంగా మింగేది కాదు.

మందు పూసుకున్న మర్నాడు బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్ళు వేడినీళ్ళలో ఉతకాలి. మనకు కరెంటు డ్రయ్యర్లు లేవుగాని మైదుకూరు ఎండ ఉంది. మధ్యాహ్నం కాలిపోయే కడప బండల మీద పరిస్తే చాలు. ఉతకలేని వాటిని సంచిలో మూటగట్టి వారం పక్కన పెట్టాలి. మనిషి ఒంటిని వదిలితే ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. మందు పని చేసిన తర్వాత కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. చచ్చిన పురుగుల మీద చర్మం చూపే కోపం అది. ఆ దురద చూసి మళ్ళీ మళ్ళీ పెర్మెత్రిన్ పూస్తే చర్మం మండి కొత్త దురద మొదలవుతుంది.

బెంజైల్ బెంజోయేట్ 25 శాతం తెల్లటి ద్రవం పాతకాలం మందు, పనిచేస్తుంది, కానీ మంట. పిల్లలకు పలచన చేసి వాడాలి. లిండేన్ లేక గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్ కూడా ఒకప్పుడు విరివిగా పూసేవారు. అది చర్మం గుండా దిగి మూర్ఛలు తెచ్చిన సందర్భాలున్నాయి. ఇంట్లో ఎవరిదైనా పాతసీసా మిగిలి ఉంటే వాడవద్దు. చేను కోసం తెచ్చిన పురుగుమందు పొడిని పేలకని తలకు రాసిన ఇళ్ళు మేము చూశాము, అది ప్రాణం మీదికి తెస్తుంది. నల్లజీడి నూనె కూడా అంతే, చాకలి గుర్తు బట్టమీద చెరగనట్లే కాలిన మచ్చ చర్మం మీద చెరగదు.

తామరకు మేము పూసుకున్న క్రీము

ఇది మా సొంత కథ. పదో తరగతిలో మెడ మీద రూపాయి బిళ్ళంత తామర లేచింది. సెలవులకు పోయినప్పుడు ఒక మందుల అంగట్లో అడిగితే, చీటీ లేకుండానే ఒక ట్యూబు ఇచ్చి, "ఇది పూయి పాపా, మూడు దినాల్లో మాయమైతాది" అన్నాడు. నిజంగానే మూడు రోజుల్లో దురద, ఎరుపు పోయాయి. అంగటాయన దేవుడిలా కనిపించాడు. మానేస్తే వారానికి మళ్ళీ వచ్చింది, ఈసారి రెండు బిళ్ళలు. మళ్ళీ పూశాము. నాలుగు నెలలకు మెడ చుట్టూ దండ వేసినట్లు పాకింది. ఆ ట్యూబులో ఫంగస్ మందుతో పాటు యాంటీబయాటిక్కు, బలమైన స్టెరాయిడ్ కలిసి ఉన్నాయని తర్వాత తెలిసింది.

స్టెరాయిడ్ చెడ్డమందు అని మేము అనడం లేదు. 1952లో సుల్జ్‌బర్గర్, విట్టెన్ అనే డాక్టర్లు హైడ్రోకార్టిసోన్ పూతను పరిచయం చేసిన తర్వాత ఎగ్జిమా, సోరియాసిస్ రోగుల బతుకు మారింది. అది వాపును, దురదను అణచివేస్తుంది. ఫంగస్ విషయంలో చిక్కు అక్కడే ఉంది. ఫంగస్‌తో పోరాడే కాపలాను కూడా అది నిద్రపుచ్చుతుంది. పైకి ఎరుపు కనపడదు, లోపల తామర హాయిగా పాకుతుంది. ఎక్కువకాలం పూస్తే చర్మం పలచబడి నరాలు ఎర్రగా తేలతాయి, చారలు పడతాయి, ముఖం మీద మొటిమలు, అక్కరలేని వెంట్రుకలు వస్తాయి. మానగానే ముఖం ఎర్రబడి మండుతుంది కాబట్టి మానలేరు. తెల్లబడటానికని ఇలాంటి క్రీములు రాసుకునే ఆడపిల్లలు మన దేశంలో ఎంతమందో! 12 కేంద్రాల్లో ముఖచర్మం బాగాలేక వచ్చిన 2,926 మందిని మన చర్మవైద్యులు పరిశీలించగా 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నట్లు తేలిందని 2011లో ప్రచురించారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ మీదనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చే అంగళ్ళు ఉన్నాయి. కాబట్టి అడిగేవాళ్ళకు తెలిసి ఉండాలి.

ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, బెక్లోమెథసోన్ అనే పేర్లలో ఒకటుంటే అది స్టెరాయిడ్. నెలల తరబడి వాడినవాళ్ళు ఇది చదివి రేపే ఆపేయవద్దు, డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించుకోవాలి.

తామరకు క్లోట్రిమజోల్, మైకోనజోల్, టెర్బినాఫిన్, లులికోనజోల్ వంటివి వాడతారు. బెంజోయిక్ ఆసిడ్ 6 శాతం, సాలిసిలిక్ ఆసిడ్ 3 శాతం కలిపిన విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంటు వందేళ్ళ నాటిది. మర్మస్థానం దగ్గర, ముఖానికి మండుతుంది. ఏది పూసినా మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్లు బయటికి, బయటి నుంచి లోపలికి పూయాలి. మచ్చ పోయిన తర్వాత కూడా డాక్టరు చెప్పినన్నాళ్ళు, సాధారణంగా ఇంకో రెండు వారాలు కొనసాగించాలి. ఇప్పుడు మన దేశంలో టెర్బినాఫిన్‌కు లొంగని కొత్త ఫంగస్ రకం తిరుగుతోంది. దాన్ని 2020లో జపాన్‌లో ఒక నేపాలీ, ఒక భారతీయుడి నుంచి వేరుచేసి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరుపెట్టారు. మన దేశం పేరు కలిసినందుకు సంతోషించాల్సిన సంగతి కాదు. తడి లంగా, తడి ప్యాంటు ఆరకుండా తొడుక్కోవడం మానకపోతే ఏ మందైనా సగమే పనిచేస్తుంది.

కాలిన గాయాలు, చీముపుండ్లు

హాస్టల్ వంటగదిలో సాంబారు గుండిగె దించేటప్పుడు కాలడం తరచు జరిగేదే. కాలిన వెంటనే చేయవలసిన మందు నీళ్ళు. మామూలు చల్లటి కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు. ఐసుగడ్డ వద్దు. పేస్టు, సిరా, పసుపు, కోడిగుడ్డు సొన అసలే వద్దు. డాక్టరు పుండు చూడాలంటే ముందు వాటిని గీకి తీయాల్సి వస్తుంది, ఆ నొప్పి మేము వార్డులో చూశాము. బొబ్బలు చిదపరాదు. సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీము డాక్టరు చెబితేనే. సల్ఫా మందులు పడనివాళ్ళకు అది పడదు, ముందు అడగాలి.

చిన్న గాయాలకు నీళ్ళు, సబ్బు, ఆపైన పోవిడోన్ అయోడిన్. చీముపొక్కులకు మ్యూపిరోసిన్, ఫ్యూసిడిక్ ఆసిడ్, ఫ్రామైసెటిన్ వంటి యాంటీబయాటిక్ పూతలు. పక్కు కట్టిన చోట ముందు గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టి పక్కు తీయకుంటే మందు పక్కు మీదనే మిగిలిపోతుంది. నియోమైసిన్ కొందరికి ఎలర్జీ తెస్తుంది. మందు పూసిన చోటే దురద పెరుగుతుంటే రోగం ముదిరిందని ఇంకా పూయకుండా ఆపి చూపించాలి.

ఎంత పూయాలి?

మందు కొంచెం రాయి అంటే ఎంత కొంచెం? దీనికి వేల్స్‌లో లాంగ్, ఫిన్లే అనే వైద్యులు 1991లో వేలికొన కొలత చెప్పారు. ట్యూబు నుంచి చూపుడువేలి చివరి గీత మొదలు వేలికొన దాకా పిండిన తీగ ఒక కొలత, సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత, వేళ్ళతో సహా, చర్మానికి సరిపోతుంది. ముఖం మెడకు రెండున్నర, ఒక చేతికి నాలుగు, ఒక కాలికి ఎనిమిది, ముందువైపు మొండేనికి ఏడు, వెనకవైపు ఏడు. అన్నీ కూడితే నలభై చిల్లర కొలతలు, అంటే ఒంటినిండా ఒకసారికి సుమారు 20 గ్రాములు. ఇది స్టెరాయిడ్, ఎగ్జిమా పూతల లెక్క. గజ్జి మందు దీనికంటే దట్టంగానే పూయాలి. చిన్నపిల్లలకు పూసినా కొలిచేది పెద్దవాళ్ళ వేలే.

వార్డులో మాకు నేర్పిన క్రమాన్ని గదిలో కూడా పాటించవచ్చు. చేతులు కడిగి, పేరు చూసి, గడువు తేదీ చూసి, ఏ మందు పడదో అడిగి, పాతపూత తుడిచి, వెంట్రుకలు వాలిన దిశలోనే పలచగా రాయాలి. రుద్దడం వద్దు. ట్యూబు మూతిని పుండుకు తాకించరాదు. పూసిన తర్వాత మళ్ళీ చేతులు కడగాలి. చేతికే పూసింటే తప్ప! ఒక మనిషికి ఒక ట్యూబు, మీద పేరు, తెరిచిన తేదీ. 30 డిగ్రీలు మించని చోట ఉంచమని ట్యూబుల మీద రాసి ఉంటుంది. మే నెలలో కిటికీ పక్కన ఉంచిన మన ఇనుప ట్రంకు పెట్టెలో చేయి పెట్టి చూడండి. క్రీము నూనె, నీళ్ళుగా విడిపోయి ఉంటే పారేయాలి. గదిలో నీళ్ళకుండ పక్కన నీడలో ఒక డబ్బా పెట్టుకోవచ్చు. ఇంకొకటి, వాజలీను వంటి జిడ్డు పూతలు ఇంకిన బట్ట నిప్పు తగిలితే వేగంగా అంటుకుంటుంది. ఒంటికి పూసుకొని పొయ్యి దగ్గర పనిచేసేవాళ్ళు జాగ్రత్త.

పొక్కులతో పాటు జ్వరం, ఎర్రగా పాకుతున్న గీతలు, కంటి చుట్టూ వాపు, నోట్లో పుండ్లు, ముఖం ఉబ్బడం, ముదురు రంగు మూత్రం, వీటిలో ఏది కనిపించినా పూతమందుతో కాలయాపన చేయవద్దు. రాత్రయినా మేడంగారిని లేపండి, 108కి ఫోన్ చేయించండి. ఆసుపత్రికి పోయేటప్పుడు ఇంతకుముందు పూసినవన్నీ, కానుగనూనె, వేపాకు నూరి పూసినదాంతో సహా, దాచకుండా చెప్పండి. ట్యూబు ఖాళీదైనా వెంట తీసుకుపోండి. మేము మెడ చూపించడానికి పోయినప్పుడు డాక్టరుగారు మచ్చ చూడకముందే నలిగిపోయిన ఆ ట్యూబు వెనక పేర్లు చదివి, "ఎన్ని నెలలు పూసినావమ్మా?" అని అడిగారు.